దోసపిల్ల కథకు నేను రాసిన నీతి

అజ్మాన్‌లో మేముండే భవనం మూడో అంతస్తులో ఆ వాసనను మొదట పట్టింది మా ఆవిడ. అది కోవిడ్ రెండో ఏడు. ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, మా తలుపు ముందు మాస్కు కిందికి లాగి నిలబడింది. ఆ రోజుల్లో ఆమె తోటి నర్సులందరికీ ఇంటికి రాగానే దేన్నో ఒకదాన్ని వాసన చూసే అలవాటు ఉండేది. వాసన తెలిస్తే ఆ పూటకు రోగం అంటనట్టే.

“ఎవరో రొయ్యపొట్టు వేయిస్తున్నారండీ. ఎంత బాగా తెలుస్తుందో,” అంది. ఆమెది గోదావరి జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె.

ఎదురు ఫ్లాట్ తలుపు కొద్దిగా తెరుచుకుంది. తలకు గుడ్డ కట్టుకున్న పొట్టి మనిషి ఒకామె, చేతిలో గరిటెతో తొంగిచూసింది. ముఖం చూస్తే ఇండోనేషియా ఆవిడ. మాట వింటే నెల్లూరు.

“రొయ్యపొట్టు గాదక్కా, ట్రాసీ. రొయ్యలు దంచి పులియబెట్టిన ముద్ద, మా ఊరి సరుకు. అమ్మగారు షాపు నించి వొచ్చేలోపల వాసన పోతాదిలే. చెప్పబాకండి.”

ఆ నెల్లూరు యాస ఎక్కడిదో తర్వాత తెలిసింది. ఎదురింటివాళ్లు నెల్లూరు ముస్లింలు. ఏసీ విడిభాగాల షాపు ఉంది. కొడుకూ కోడలూ పొద్దున్నే షాపుకు వెళ్లిపోతే, పక్షవాతంతో మంచాన పడిన వాళ్ల అమ్మను చూసుకోవడానికి ఈమెను పెట్టుకున్నారు. ఆ ముసలావిడకు తెలుగు తప్ప వేరే భాష నోట్లో తిరగదు. ఏడేళ్లపాటు ఆ మంచం పక్కనే కూర్చుని ఈమె తెలుగు నేర్చుకుంది. అందుకే మాటా, విసుగూ, ముద్దుపేర్లూ అన్నీ ముసలావిడవే. ముసలావిడ నన్ను చూసినప్పుడల్లా “అబ్బయా” అనేది. ఈమె కూడా, నాకంటే పదిహేనేళ్లు చిన్నదై ఉండీ, నన్ను అబ్బయా అనే పిలిచింది. మా ఆవిడను మాత్రం “సిస్టరక్కా” అనేది. “మీకన్నా నాకే ఎక్కువ మర్యాద దక్కిందండీ,” అని మా ఆవిడ చాలా రోజులు ఏడిపించింది.

నేను ఒక తెలుగు దినపత్రికలో ఇరవై ఎనిమిదేళ్లు డెస్కులో పనిచేశాను. చివరి పదకొండేళ్లు పిల్లల పేజీ నాది. ఊళ్ల నుంచి వచ్చిన కథల్ని కోసి, పేజీకి సరిపెట్టి, కింద చిన్న బాక్సులో ఒక్క వాక్యం నీతి రాయడం నా పని. స్థలం చాలకపోతే కథను కోసేవాళ్లం కానీ నీతిని కోసేవాళ్లం కాదు. కోవిడ్ మొదటి ఏడాది పేజీలు తగ్గించినప్పుడు ముందు పోయింది పిల్లల పేజీ, దాంతోపాటు నేనూ పోయాను. అప్పటికే ఇక్కడ పనిచేస్తున్న మా ఆవిడ దగ్గరికి వచ్చి, ఒక టైపింగ్ సెంటర్లో చేరాను. వీసా దరఖాస్తులూ, ఐడీ కార్డుల ఫారాలూ నింపే చోటు అది. పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు అంకెలు. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేవాడిని.

పాత సహోద్యోగి ఒకడు ఇంటర్నెట్‌లో పిల్లల కోసం పేజీ పెట్టి, కథలు పంపమన్నాడు. నా దగ్గర కథలు లేవు. ఎదురింట్లో ఉన్నాయి. ముసలావిడ భోజనం చేసి నిద్రపోయాక ఆమె బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వచ్చేది. నీళ్ల ట్యాంకు నీడలో ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని కూర్చుని, వాళ్లమ్మ చెప్పిన కథలు చెప్పేది. నేను నోట్‌బుక్‌లో రాసుకునేవాడిని.

మొదటి కథ బుల్లి జింకది. కుక్కపిల్లంత ఉంటుందట. ఏటికి అవతల పండ్లు ఉన్నాయి, ఏట్లో మొసళ్లు ఉన్నాయి. “రాజుగారు మీ అందరికీ మాంసం పంపుతున్నారు, ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమన్నారు, వరసగా నిలబడండి,” అంటుంది జింక. మొసళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వరస కడతాయి. ఒకటీ రెండూ అంటూ వాటి వీపుల మీదుగా దూకుతూ జింక అవతలికి పోతుంది.

“బలం లేకపోయినా బుద్ధితో బయటపడవచ్చు” అని నీతి రాసి చదివి వినిపించాను. ఆమె తడి బట్ట పిండుతూ ఆగింది.

“మొసళ్ల మాటేంది అబ్బయా? అవి గూడా ఆకలిగానే గదా ఉండాది.”

“అవి జింకను తింటాయి కదమ్మా.”

“మమ్మల్ని గూడా అట్టనే నిలబెట్టినారు, జకార్తాలో, ఏజెంటు ఆఫీసులో. నలభై మందిమి. ఆ దేశంలో రోజూ మాంసమే తినొచ్చు, వరసగా నిలబడండి అన్న్యాడు. ఒకటి, రెండు అని తల మీద చెయ్యి పెట్టి లెక్కబెట్న్యాడు.” బట్ట దులిపి తీగ మీద వేసింది. “ఆయప్ప మా మీద కాళ్లు పెట్టి దాటుకోని పొయినాడు. మేం ఈడ మునిగినాం.”

నేను పదకొండేళ్లలో ఎన్ని జింక కథలు దిద్దానో లెక్కలేదు. మొసలి వైపు నిలబడి ఒక్కటీ చదవలేదు.

తల్లిని తల్లి కాదన్న కొడుకు రాయి అయిపోయే కథ కూడా వాళ్లకు ఉంది. ఓడ ఎక్కి వెళ్లి ధనవంతుడై తిరిగి వస్తాడు. చిరుగుబట్టల తల్లిని భార్య ముందు గుర్తుపట్టనట్టు నటిస్తాడు. తల్లి శపిస్తుంది. సముద్రపు ఒడ్డున సాష్టాంగపడ్డ మనిషిలా ఇప్పటికీ ఒక రాయి ఉందట. ఆ కథను ఆమె గబగబా ముగించింది. నీతి అక్కర్లేకుండానే తెలిసే కథ కదా అన్నాను.

“దాంట్లో ఓడెక్కి పొయింది కొడుకు,” అంది. “తల్లే ఓడెక్కి పోతే, రాయి అయ్యేది ఎవురబ్బయా?”

అప్పుడు చెప్పింది తన కూతురి గురించి. ఆమె వచ్చేటప్పటికి పిల్లకు పదేళ్లు. జావాలో పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఇప్పుడు పదిహేడు. ఏడేళ్ల కిందట తనను తీసుకొచ్చిన ఏజెంటే మోటార్ సైకిల్ మీద మళ్లీ ఇంటికి వస్తున్నాడు, మిఠాయి తెస్తున్నాడు, పిల్లను దుబాయ్‌కో మస్కట్‌కో పంపిస్తానంటున్నాడు. కాగితాల మీద వయసు ఇరవై రెండు వేయించాడు. పిల్ల సరేనంది.

ఆ మాట విని నేను నోట్‌బుక్ మూశాను. టైపింగ్ సెంటర్లో అలాంటి పాస్‌పోర్టులు నా చేతి మీదుగా పోతుంటాయి. ఫొటోలో పదిహేడేళ్ల ముఖం ఉంటుంది, పక్కన పుట్టిన సంవత్సరం ఇంకేదో చెబుతుంది. నేను దాన్ని చూసి దాన్నే టైపు కొడతాను. చూసిందే కొట్టాలన్నది అక్కడి నియమం.

“నువ్వు వెళ్లి ఆపలేవా?” అని అడిగాను.

ఆమె పాస్‌పోర్టు ముసలావిడ కొడుకు దగ్గర ఉంది. ఆమె వీసాకు పూచీదారు, ఇక్కడి మాటలో కఫీల్, అతనే. అతనితో నేనే మాట్లాడాను. లిఫ్టు ముందు నిలబెట్టి అడిగితే అతను కళ్లు దించుకున్నాడు. “క్యా కరూఁ అన్నా, ఏం జేసేది? నేనేమన్నా రాక్షసుణ్ణా? అమ్మ ఆమె చేత్తో పెడితే తప్ప మెతుకు ముట్టదు. మా ఆవిడ పెడితే ఉమ్మేస్తాది. కొన్నాళ్లు ఓపిక పట్టమనండి. అమ్మకు కాస్త నయం కానీ, నేనే టికెట్ కొనిచ్చి పంపిస్తా.” అతను అబద్ధం చెప్పడం లేదు. వాళ్లమ్మకు నయం కాదని మా ఆవిడా చెప్పింది, అతనికీ తెలుసు.

పిల్ల ప్రయాణానికి పది రోజులుందనగా ఆమె దోసపిల్ల కథ చెప్పింది. ఆ రోజు బట్టలు ఆరేయలేదు. బకెట్లోనే ఉన్నాయి.

అడవి పక్కన ఒక ఒంటరి ఆడమనిషి ఉంది. బిడ్డలు లేరు. రాక్షసుణ్ణి అడిగింది. వాడు దోసగింజ ఇచ్చి, పెంచుకో, పెద్దదయ్యాక వచ్చి తింటాను, సరేనా అన్నాడు. బిడ్డ మీద ఆశతో సరే అంది. పాదుకు బంగారు రంగు దోసకాయ కాసింది. కోస్తే లోపల ఆడపిల్ల. పదిహేడేళ్లకు రాక్షసుడు వచ్చాడు. తల్లి పిల్ల చేతికి నాలుగు చిన్న మూటలిచ్చి పరిగెత్తమంది. మొదటి మూటలో దోసగింజలు. విసిరితే తోట మొలిచింది, రాక్షసుడు కాయలు తింటూ ఆగాడు. రెండో దాంట్లో సూదులు. అవి ముళ్ల వెదురు పొదలయ్యాయి. మూడో దాంట్లో ఉప్పు. అది సముద్రమైంది, వాడు ఈదుకుంటూ వచ్చాడు. నాలుగో మూటలో ట్రాసీ. అది ఉడికే బురదైంది. వాడు అందులో మునిగిపోయాడు.

“ఆ మూటలు ఎవరో ముని ఇచ్చినాడని చెప్తారు కొందరు,” అంది. “మా అమ్మ కథలో ముని లేడు. గింజ, సూది, ఉప్పు, ట్రాసీ. ఏ బీదింట్లో అయినా ఉండేవే గదా. ఆ తల్లి పొయ్యికాడ చెయ్యి పెట్టి, దొరికింది మూట గట్టింది.”

ఆ సాయంత్రమే రాసి, మర్నాడు ఆమెకు చదివి వినిపించాను. ట్రాసీ ఉండాల్సిన చోట పసుపు ముద్ద అని చదివేసరికి ఆమె చెయ్యి ఎత్తింది.

“పసుపు యాడ్నించి వొచ్చింది?”

మా పిల్లల పేజీలో చేపలూ రొయ్యలూ ఉండేవి కావు. ఎవరూ వద్దని చెప్పలేదు, అదొక డెస్కు అలవాటు. ఎవరి ఇంట్లోనో ఇబ్బంది అవుతుందని మేమే తీసేసి బెల్లమో పసుపో వేసేవాళ్లం. అది చెప్పాను.

“మా అమ్మగారు గూడా ట్రాసీ ఇంట్లో పెట్టొద్దంటాది. డబ్బాలో పెట్టి, మూడు సంచులు చుట్టి, ఈ ట్యాంకు కింద దాచిపెట్టినా. అందురూ ముక్కు మూసుకునేదే ఆ పిల్లను కాపాడింది. అది దీసేస్తే పిల్ల చస్తాది గదబ్బయా.”

ట్రాసీ తిరిగి పెట్టాను. మా ఆవిడకు చెబితే, “అదేంటండీ, రొయ్యపొట్టు తీసి పసుపు పెడతారా, అన్నం పెట్టే చేతులకు కోపం రాదూ,” అంది. వాళ్ల ఊళ్లో రొయ్యలు ఎండబెట్టి అమ్మిన డబ్బుతో చదువుకున్న మనిషి ఆమె.

మూడో రోజున ఆమె ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. “నువ్వు పేపరోడివి గదా అబ్బయా. నేను ఏడస్తా చెప్తే ఆ బిడ్డ ఇనదు. పెట్టేస్తాది. ఈ కథనే, దాని మనసు మారేట్టు రాసియ్యి. నేను మా మాటలో చదివి పంపిస్తా.”

నా పనే అది. కథను ఒక పేజీకి కుదించాను. రాక్షసుడు మోటార్ సైకిల్ మీద వచ్చే మనిషేనని తెలిసేలా రాశాను. చివర చెయ్యి తనంతట తానే గీత గీసి, బాక్సు కట్టి, నీతి రాసింది: “కన్నతల్లి మాట పెడచెవిన పెట్టిన బిడ్డ రాక్షసుడి పాలవుతుంది.”

ఆమె ఒక్కో వాక్యం నా నోట విని, తన భాషలో ఫోనుకు చెప్పుకుంటూ వచ్చింది. నీతి దగ్గర ఆగింది.

“ఇది కథలో లేదే.”

“కథలో లేకపోయినా, వినేవాళ్లకు అందాలి కదమ్మా.”

“మా అమ్మ కొసన ఇట్టా చెప్పదబ్బయా. కథ అయిపొయినాక, ‘నువ్వయితే ముందు ఏ మూట ఇసురుతావు?’ అని అడగతాది. అంతే.”

“అది ఆట. ఇది ప్రాణం మీదికి వచ్చిన విషయం.”

ఆమె ఫోను మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుంది. “సరేలే. సదువుకున్నోడివి,” అని ఆ వాక్యం కూడా చెప్పి పంపించింది.

రెండు రోజులు జవాబు లేదు. విన్నట్టు నీలి గుర్తు మాత్రం ఉంది. మూడో రోజు మేడ మీదికి వచ్చి, బకెట్ మీద కూర్చోకుండా నిలబడే, పిల్ల రాసి పంపిన జవాబును తెలుగులో చెప్పింది.

“రాక్షసుడికి మాటిచ్చింది పిల్ల గాదు, తల్లి. ఆ ఏజెంటును మనింటికి మొదట తెచ్చింది నువ్వే. కథలో తల్లి పదిహేడేళ్లు పిల్ల దగ్గరే ఉండాది. నువ్వు ఎన్నేళ్లు ఉన్న్యావు?”

అంతే. ఆ తర్వాత తల్లి నంబరును పిల్ల బ్లాక్ చేసింది.

ఆమె నన్ను తిట్టలేదు. తీగ మీది బట్టలు తీసి మడతపెట్టింది. అన్నీ మడతపెట్టాక, “కథ తెరిచి ఉంటే బిడ్డ లోపలికి వొచ్చేదేమో. నువ్వు తాళం యేసినావబ్బయా,” అని కిందికి వెళ్లిపోయింది.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చాక జరిగింది చెప్పాను. ఆమె బూట్లు విప్పి పక్కన పెట్టింది. “ఐసీయూలో మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే, ఇన్నాళ్లూ సిగరెట్లు కాల్చావు కదా అని ఎవరైనా అంటారా అండీ?” అంది.

ప్రయాణం సోమవారం. శనివారం మధ్యాహ్నం ఆమె మా తలుపు తట్టింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి కానీ గొంతు స్థిరంగా ఉంది.

“ఆపలేం సిస్టరక్కా. కథలో తల్లి గూడా ఆపలా. మాట యెనక్కి తీసుకోలా. వాడు వొచ్చేది వొస్తాడని తెలుసు గనకనే మూటలు కట్టింది. నేను ఇన్నాళ్లూ రాక్షసుణ్ణి ఆపాలని చూస్తా ఉండా. మూట కట్టలా.”

మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఏడేళ్లు ఇంకొకరి ఇంట్లో పనిచేసిన మనిషికి తెలిసింది ఇది: ఫోను వాళ్లదే అయి ఉంటుంది, స్పీకర్ పెట్టి పక్కనే నిలబడతారు, బాధ చెప్పుకునే వీలుండదు. అందుకని నాలుగు మాటలు కట్టింది. ఇల్లు మంచిదైతే దోసకాయల మాట ఎత్తు. పని ఎక్కువై నిద్ర లేకపోతే సూది అడుగు. తిండి పెట్టకపోయినా చెయ్యి చేసుకున్నా ఉప్పు గురించి చెప్పు. ఇక ఒక్క రోజు కూడా ఉండలేననుకుంటే, ట్రాసీ తినాలనుంది అను. పాస్‌పోర్టు జిరాక్సు జాకెట్ అంచులో పెట్టి కుట్టుకో. ఎంబసీ నంబరు నోటికి నేర్చుకో.

ఇవన్నీ తన నోటితోనే, తన మాటల్లోనే, పిల్లను పెంచుతున్న తన తల్లి ఫోనుకు పంపింది. నన్ను ఏమీ రాయమనలేదు. చివర మా ఇద్దరికీ అర్థమయ్యేలా ఒక్క వాక్యం తెలుగులో చెప్పి, మళ్లీ తన భాషలో ఫోనుకు చెప్పింది: “నువ్వయితే ముందు ఏ మూట ఇసురుతావు?”

ఆదివారం పొద్దున జవాబు వచ్చింది. గొంతు కాదు, ఒక్క మాట రాసి ఉంది. గింజలు.

ఆమె ఆ మాటను మాకు మూడుసార్లు చూపించింది.

పిల్లను మస్కట్ తీసుకెళ్లారు. శుక్రవారం శుక్రవారం ఆ ఇంటి యజమానురాలి ఫోను నుంచి రెండు నిమిషాలు మాట్లాడనిచ్చేవాళ్లు. మొదటి శుక్రవారం, ఇక్కడి దోసకాయలు పొట్టిగా ఉన్నాయి కానీ బాగున్నాయి అంది. ఆ రోజు ఇక్కడ తల్లి ముసలావిడకు కూడా మిఠాయి తినిపించింది. నాలుగో వారం పిల్ల సూది అడిగింది. ఆ తర్వాత వరసగా ఆరు శుక్రవారాలు సూదే. ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తూ, క్లిప్పు పెట్టడం మరిచిపోయి చేత్తో పట్టుకుని నిలబడేది. మా ఆవిడ ఎదురుపడితే రెండే మాటలు. “ఇంకా సూదేనా?” “ఇంకా సూదే అక్కా.”

ఆ మరుసటి శుక్రవారం పిల్ల, ఈ ఇంట్లో ఉప్పు అయిపోయిందమ్మా అంది.

ఆ వారం రోజులూ ఆమె అన్నం తినలేదు. ముసలావిడకు పెడుతూనే ఉంది. మంచం మీది మనిషి ఒంటి చేత్తో ఆమె గడ్డం పట్టుకుని, “ఏందమ్మీ, నువ్వు తిన్న్యావా?” అని అడిగేదట. తిన్నానని చెప్పేదట. ఏడేళ్లలో ఆమెను ఆ మాట అడిగింది ఆ ఒక్క మనిషే. ఆ వారంలోనే ముసలావిడ నిద్రలో పోయింది.

ఖననం అయిన మూడో రోజు కొడుకు పాస్‌పోర్టు తెచ్చి రెండు చేతులతో ఆమెకిచ్చాడు. టికెట్ ఎప్పుడంటే అప్పుడు తీస్తానన్నాడు. ఏడేళ్లుగా అడుగుతున్న కాగితం. ఆమె తీసుకుని, “శుక్రవారం దాకా ఆగండి భాయ్,” అంది.

ఆ శుక్రవారం ఫోను రాలేదు. తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. మా ఇంట్లోనే ఉంది ఆమె. నాకు వాళ్ల భాష రాదు, కానీ ఆ ఒక్క మాట వస్తుంది. పిల్ల రెండు వాక్యాలు మామూలుగానే మాట్లాడింది, వాతావరణమో ఏమో. మూడో వాక్యంలో ఆ మాట ఉంది. ట్రాసీ. వెంటనే ఫోను ఆగిపోయింది.

మా ఆవిడ అప్పటికే తన ఫోను తీసింది. ఆమెతో నర్సింగ్ చదివిన అమ్మాయి, అమలాపురం వైపు మనిషి, మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో ఉంది. “ఒసేయ్, నిద్రపోతున్నా సరే లే. ఒక ఆడపిల్ల సంగతి,” అని మొదలుపెట్టింది. రెండు రోజులు ఆ ఫోను చల్లారలేదు. అమ్మమ్మ దగ్గరున్న కాగితాల్లో ఇంటి అడ్రసు దొరికింది, పక్కింటి పనిమనిషి చేత పిల్లకు కబురు చేరింది. మూడో రోజు పొద్దున ఆ పిల్ల చెత్త సంచి పట్టుకుని గేటు దాటి, చెత్త డబ్బా దగ్గర ఆగకుండా అలాగే నడిచి వెళ్లిపోయింది. రోడ్డు చివర మా ఆవిడ స్నేహితురాలు టాక్సీలో కూర్చుని ఉంది. ఎంబసీ వాళ్ల ఆశ్రయానికి చేర్చింది. ప్రాణాలతో ఉంది. భుజం మీద కాలిన మచ్చ ఉంది. పాస్‌పోర్టు మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పారిపోయిందని వాళ్లు కేసు పెట్టారు. కేసు తేలేదాకా ఆశ్రయం గేటు దాటి బయటికి రావడానికి లేదు, దేశం వదలడానికి లేదు.

నేను టైపింగ్ సెంటర్‌కు వెళ్లి ఎవరూ అడగకుండానే తల్లికి మస్కట్ వీసా ఫారం నింపి తెచ్చాను. ఆమె దాన్ని చదవకుండా మడిచి నాకే ఇచ్చింది.

“ఆడికి పొయ్యి నేను జేసేదేంది అబ్బయా? గేటు బయట నిలబెడతారు. వీసా అయిపోతే నన్ను గూడా లోపలేస్తారు.”

“మరి పిల్ల ఒక్కతే...”

“నాలుగో మూట ఇసిరినాక పిల్ల యాడికి పరిగెత్తిందో నువ్వు రాయలా. నేను గూడా చెప్పలా. ఇంటికి పరిగెత్తింది. తల్లి వాకిట్లో తలుపు తీసి నిలబడి ఉండాది. ఆ తల్లి గూడా పిల్ల యెనకాల పరిగెత్తి ఉంటే, ఆ బిడ్డ ఏ ఇంటికి పోతాది?”

కింద వీధిలో నీళ్ల లారీ వెనక్కి వస్తూ కూతపెడుతోంది. అది ఆగేదాకా ఆగి, అంది: “ఏడేళ్లు మా వాకిట్లో ఎవురూ లేరబ్బయా.”

ఆమె తన ఊరికి వెళ్లే రోజున ట్యాంకు కింది డబ్బా తెచ్చి, ట్రాసీ ముద్దను చాకుతో రెండు చేసింది. సగం మా ఆవిడ చేతిలో పెట్టింది. “డ్యూటీ నించి వొచ్చినాక వాసన చూసుకో సిస్టరక్కా.” నా వైపు తిరిగి, “ఆ కొసన రాసింది తీసెయ్యి,” అంది. కథ అప్పటికే ఆ నీతితోనే నా పాత సహోద్యోగి పేజీలోకి వెళ్లింది. తీసేయించాను. అతను ఇంటర్నెట్‌లో ఆ కథ కింద బాక్సు ఖాళీగా కనబడుతోందన్నాడు. వాళ్లమ్మ అడిగే ప్రశ్న పెట్టమన్నాను. నీతి ఏదండీ అని ఇద్దరు ముగ్గురు తల్లులు రాశారట. ప్రశ్నను అలాగే ఉంచమన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. పిల్ల ఇంకా ఆశ్రయంలోనే ఉంది. కేసు ఒకసారి వాయిదా పడింది, ఒకసారి ఫైలు కనబడలేదన్నారు, ఒకసారి ఆ ఇంటివాళ్లు రాలేదు. శుక్రవారాల్లో తల్లి నాకు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపిస్తుంది. వెనక కోళ్లు అరుస్తుంటాయి. ఒక్కోసారి దూరంగా మోటార్ సైకిల్ శబ్దం వినబడుతుంది, ఆమె మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకుంటుంది. “ఏమన్నా తెలిసిందా అబ్బయా? తలుపు తీసే ఉండాదని చెప్పించు.” ఊరు మారి ఏడాదైనా ఆ నెల్లూరు యాస మారలేదు. నేను ప్రతిసారీ తెలియలేదనే చెబుతాను.

ఆ మాటను మా ఆవిడ స్నేహితురాలు సెలవు రోజున పట్టుకెళుతుంది. ఆశ్రయం గేటు దగ్గర పదిహేను నిమిషాలు కలవనిస్తారు. పోయిన వారం వెళ్లి వచ్చి ఫోను చేసింది. పిల్ల చిక్కిపోయిందట, భుజం మానిందట. కేసు సంగతి చెబుతుంటే వినలేదట. వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటే అడిగిందట.

“అమ్మ ఎక్కడుంది?”

ఇంట్లో ఉందని చెప్పింది.

“ఇంట్లోనేనా?”

అవునని చెప్పింది. పిల్ల గేటు ఊచ పట్టుకుని, కాపలామనిషి టైమైందని పిలిచేలోపల, మళ్లీ అదే అడిగిందట.